ఫంక్షన్ హాలు వెనక గేటుకి తాళం, మెట్ల నిండా కుర్చీలు. ఓనర్ని ఏమని అడగాలి?

గజపతినగరం అక్క:
వచ్చే నెల మా తమ్ముడి రిసెప్షన్. విజయనగరం రింగ్ రోడ్డు వైపు ఒక ఏసీ హాలు మాట్లాడుకున్నాం, పేరు చెప్పను, నాన్న అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. సెల్లార్లో పార్కింగు, జనరేటరు, కింద షాపులు, హాలు మొదటి అంతస్తులో. నిన్న డెకరేషన్ అబ్బాయితో చూడ్డానికి వెళ్లాం. స్టేజీ పక్కనుంచి వెనక మెట్లు ఉన్నాయి గానీ వాటి మీద ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లు దొంతర్లుగా పెట్టేశారు, దిగితే గ్రిల్ గేటుకి తాళం. ఏటండీ ఇది అంటే మేనేజరు "అది తెరిస్తే పిలవని వాళ్లంతా వచ్చి భోంచేసి పోతారమ్మా, వంటసామాన్లు కూడా మాయమవుతాయి, తాళంచెవి ఓనరు గారి దగ్గరుంటుంది" అన్నాడు. ఓనరు గారేమో వైజాగ్‌లో ఉంటారట!

ఆరు వందల మంది వస్తారు. పైగా మావాడి ఫ్రెండ్స్ ఎంట్రీకి కోల్డ్ ఫైర్లు (నిప్పురవ్వలు పైకి చిమ్మేవి), పొగ మెషిన్ మాట్లాడేశారు. స్టేజీ వెనకంతా థర్మాకోల్, నెట్ గుడ్డ, ప్లాస్టిక్ పూలు. 2025 డిసెంబరులో గోవాలో క్లబ్బు తగలబడిన సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు ఇదే టెన్షన్. ఇంట్లో నోరెత్తితే "శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఆ మాటలేంటే" అని అమ్మ కసురుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి, నేను అతిగా ఆలోచిస్తున్నానా?

నాగావళి ఒడ్డు:
అతి కాదమ్మా. మీరు చూసిన మూడూ, అంటే తాళం, మెట్ల మీద సామాను, స్టేజీ మీద నిప్పు, కలిసిన చోటే ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. 2004 డిసెంబరు 30న బ్యూనస్ ఐరిస్‌లో క్రోమన్యాన్ అనే క్లబ్బులో నిప్పంటుకుని 194 మంది పోయారు, అక్కడ ఎమర్జెన్సీ తలుపుకి గొలుసు కట్టి తాళం వేశారు. ఎందుకు? టికెట్ లేకుండా ఎవడూ దూరకూడదని. మీ మేనేజరు చెప్పిన కారణమే చూడండి. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని కిస్ క్లబ్బులో 242 మంది. అక్కడ మంట మొదలయ్యాక కూడా గుమ్మం దగ్గర కాపలావాళ్లు, బిల్లు ఎగ్గొట్టి పోతున్నారనుకుని మొదట జనాన్ని ఆపేశారు. లోపల పొగలో దారి తెలియక చాలామంది బాత్రూముల్లోకి పరిగెత్తి అక్కడే పోయారు, అదే బయటికి పోయే తలుపు అనుకుని.

ఇంకొకటి గమనించండి, కాలి పోయినవాళ్లకంటే పొగకి పోయినవాళ్లే ఎక్కువ ఉంటారు ఇలాంటి వాటిలో. శబ్దం తగ్గడానికి గోడలకీ సీలింగుకీ అంటించే ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సయనైడ్ వాయువు కూడా వస్తుంది, నాలుగు గుక్కలు పీలిస్తే మనిషికి కాళ్లాడవు. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 2003 ఫిబ్రవరిలో స్టేషన్ అనే క్లబ్బు అంటుకుంది, బ్యాండు వాళ్ల బాణసంచా వల్ల. మొదట జనం అదీ షోలో భాగమే అనుకున్నారు. రెండు నిమిషాలు తిరక్కముందే ముందు గుమ్మంలో మనిషి మీద మనిషి పడి దారి మూసుకుపోయింది. 100 మంది చనిపోయారు. వేరే తలుపులు లేక కాదు, ఉన్నాయి. కానీ చాలామంది వచ్చిన దారినే వెళ్లారు. మీ హాల్లోనూ ఆరు వందల మందికి తెలిసింది ముందు మెట్లే కదా. రెండోది తెరిచి ఉండటం ఒకెత్తు, అది ఉందని జనానికి తెలియడం ఇంకొకెత్తు. హాల్లో మైకు పట్టుకున్నవాడి చేత ముందే ఒకసారి చెప్పించండి, ఎవరూ నవ్వరు.

కోట జంక్షన్ కుర్రోడు:
అక్కా, మీ భయాన్ని కొట్టిపారేయడానికి కాదు గానీ కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. క్లబ్బంటే చీకటి, మందు, బేస్‌మెంటు. మన హాళ్లలో లైట్లు ధగధగలాడుతుంటాయి, ముందు ద్వారం వెడల్పుగా ఉంటుంది, ముసలీ ముతకా కూడా మెల్లగా నడిచి వచ్చేస్తారు. మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు అయ్యాయో, ఎక్కడా ఏమీ కాలేదు. ఆ తాళం సంగతి అడగండి, కాదనను, దీనికోసం హాలు మార్చేసి అడ్వాన్సు పోగొట్టుకోవద్దు. కోల్డ్ ఫైర్ అయితే పేరులోనే కోల్డ్ ఉంది, చెయ్యి పెట్టినా కాలదు.

నాగావళి ఒడ్డు:
తమ్ముడూ, హరియాణాలో డబ్వాలీ అని ఉంది, 1995 డిసెంబరు 23. క్లబ్బు కాదు, మందు లేదు, పట్టపగలు, స్కూలు వార్షికోత్సవం. జరిగింది కల్యాణ మండపంలో, పైన సింథటిక్ గుడ్డ కప్పిన పందిరి. నాలుగు వందల మందికి పైగా పోయారు, సగానికి పైగా పిల్లలు. బయటికి ఒక్క గేటే. అంతదూరం ఎందుకు, మన పక్క శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో 2025 నవంబరు 1, ఏకాదశి నాడు గుళ్లో తొమ్మిది మంది పోయారు కదా, అక్కడ మంటా లేదు పొగా లేదు, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ ఒకే దారి, రెయిలింగు ఊడింది, అంతే. ముసలీ ముతకా మెల్లగా నడిచి వచ్చేస్తారని రాశావు, అక్కడ పోయిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, కాస్త చూసి రాయి.

లైటింగ్ బాబాయ్:
నేను శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట చుట్టుపక్కల ఫంక్షన్లకి లైటింగ్ కడతాను. కుర్రోడికి ముందు చెప్తాను, చెయ్యి పెట్టినా కాలదు అన్నది అమ్మేవాడు చెప్పే మాట. అందులో మండేది లోహపు పొడి. పైనుంచి రాలే రవ్వ చల్లారాక చేతికి తగిలితే కాలకపోవచ్చు, రవ్వలు చిమ్మే దాని మూతి దగ్గర నెట్ గుడ్డ పెట్టి చూడు. ఉత్తర మాసిడోనియాలో కొచాని అనే ఊళ్లో 2025 మార్చిలో అరవై మందికి పైగా పోయింది ఇలాంటి చిచ్చుబుడ్ల రవ్వలు సీలింగుకి తగిలే. స్విట్జర్లాండ్‌లో 2026 కొత్త సంవత్సరం రాత్రి బారులో నలభై మందికి పైగా పోతే అక్కడ సీసాలకి గుచ్చిన మెరుపు కడ్డీల గురించే చెప్పుకున్నారు.

అమ్మా, మీరు గేటు చూశారు, బాగానే ఉంది. నేను రోజూ చూసేది వేరే. డెకరేషన్ వాళ్లు స్టేజీ వెనక ఇనప ఫ్రేము వేసి గుడ్డ లాగుతారు చూశారా, ఆ గుడ్డ సరిగ్గా ఆ పక్క తలుపు మీదకి వస్తుంది. తలుపు తెరిచే ఉంటుంది, కానీ అక్కడ తలుపుందని దేవుడికి కూడా తెలీదు. బయటికి దారి అనే బోర్డుని కూడా పూలదండతో కప్పేస్తారు, ఫొటోలో బాగోదని. ఆ గుడ్డ వెనకే నా వైర్ల జాయింట్లు, టేపు చుట్టినవి, ఫోకస్ లైట్లు గుడ్డకి జానెడు దూరంలో. చెప్తే "ఒక్క పూటే కదా బాబాయ్" అంటారు. ఫ్రేము తలుపుకి ఇవతల ఆపేయమనండి, లైటుకీ గుడ్డకీ మూడడుగులు ఎడం పెట్టమనండి.

క్యాటరింగ్ వాళ్లని కూడా అడగండి, సిలిండర్లు ఎక్కడ పెడతారని. వెనక మెట్ల కిందే పెడతారు నూటికి తొంభై చోట్ల, అక్కడ ఖాళీ కాబట్టి. గోవాలో పోయిన 25 మందిలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే, వంటగదిలో ఇరుక్కుని. వంటవాళ్లు ఎక్కడినుంచి పారిపోతారని ఎవరూ అడగరు, వాళ్లూ మన ఊళ్ల పిల్లలే.

చీపురుపల్లి ప్లీడరు:
చట్టం సంగతి కొంచెం. మన రాష్ట్రంలో 1999 ఫైర్ సర్వీస్ చట్టం ఉంది, ఫంక్షన్ హాళ్లు దాని కిందకి వస్తాయి, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఉండాలి. కాపీ చూపించమని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లుగా మీకుంది, చూపించడానికి నసిగితే అర్థం చేసుకోండి. జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఎగ్జిట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపలున్నవాడు తాళంచెవి లేకుండా తీయగలగాలి. బయటికే ఎందుకంటే, జనం వెనకనుంచి తోసేస్తుంటే లోపలికి లాగే తలుపుని పహిల్వాను కూడా లాగలేడు. 1942లో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ క్లబ్బులో 492 మంది పోయాక అమెరికా ఈ విషయంలో రూల్సు బిగించింది. అక్కడ గిరగిరా తిరిగే ముందు తలుపు జనంతో బిగుసుకుపోయింది, మిగతావి కొన్ని తాళాలు, కొన్ని లోపలికి తెరుచుకునేవి.

మీరు సెల్లార్లో జనరేటరు అన్నారు కాబట్టి ఉపహార్ సినిమా హాలు గుర్తు చేయాలి. ఢిల్లీ, 1997 జూన్ 13. మంట పుట్టింది కింద పార్కింగు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరులో, చనిపోయింది పైన బాల్కనీలో సినిమా చూస్తున్నవాళ్లు, 59 మంది. పొగ మెట్ల మీదుగా పైకొచ్చింది. బాల్కనీలో అదనపు సీట్ల కోసం ఒక దారి మూసేశారు. కేసు ఏళ్ల తరబడి నడిచి 2015లో సుప్రీంకోర్టు యజమానులకి ఒక్కొక్కరికి 30 కోట్లు జరిమానా వేసింది, జైల్లో అప్పటిదాకా గడిపింది చాలంది. ఆ తల్లిదండ్రులు ఏమనుకుని ఉంటారో! మీ ఓనరుకి ఫోన్లో ఈ 30 కోట్ల ముక్క చెప్పండి, జనం క్షేమం అంటే వినరు గానీ ఇది వింటారు.

గజపతినగరం అక్క:
అందరికీ థాంక్సండీ. ఓనరుతో నాన్న చేత మాట్లాడించాం. కుర్చీలు తీయించేస్తాడట, గేటుకి తాళం బదులు లోపలివైపు గొళ్లెం మాత్రం వేసి ఉంచుతాడట, పిలవని వాళ్లు రాకుండా అక్కడ మీ మనిషినే కూర్చోబెట్టుకోండి అన్నాడు. మా చిన్నమావయ్య కూర్చుంటానన్నాడు, భోజనం అక్కడికే పంపించాలని షరతు. ఎన్‌వోసీ మాత్రం "ఫైల్లో ఉందండి" అంటున్నాడు, ఇంకా చూపించలేదు, అది చూసేదాకా బాలెన్సు కట్టొద్దని నాన్నకి చెప్పాను. మావాడి ఫ్రెండ్స్ ఫైర్లు లోపల వద్దంటే ముఖాలు మాడ్చుకున్నారు, చివరికి కింద కారు దిగే చోట రోడ్డు మీద కాల్చుకుంటామన్నారు. డెకరేషన్ అబ్బాయే తేలడం లేదు, ఫ్రేము తలుపుకి ఇవతలికి జరిపితే స్టేజీ చిన్నదవుతుంది, మళ్లీ డిజైను చేయాలి, ఎక్స్‌ట్రా అవుతుందంటున్నాడు.

లైటింగ్ బాబాయ్:
ఎక్స్‌ట్రా ఏటమ్మా, ఫ్రేము చిన్నదైతే గుడ్డా పూలూ తగ్గుతాయి కదా, రేటు తగ్గించాలి వాడే. నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి, నేను మాట్లాడతాను.