కెమెరాలో రాత్రిపూటే పడే బక్‌ని (మగ జింకని) పగటి వెలుతురులో కొట్టేదెలా?

ప్రశ్న: అందరికీ నమస్తే. ఆస్టిన్‌లో ఉంటాను. టెక్సాస్‌లోనే లానో దగ్గర ముగ్గురం కలిసి వేట కోసం భూమి లీజు తీసుకున్నాం. జింకలకు మేత వేసే ఫీడర్ దగ్గరి కెమెరాలో మంచి కొమ్ములున్న వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) బక్ ఒకటి తరచూ పడుతోంది, కానీ ఎప్పుడూ రాత్రి 7 నుంచి 10 మధ్యే. పగలు ఆడవి, పిల్లలు తప్ప ఏవీ రావు. సాయంత్రమంతా మాటులో కూర్చుని, చీకటి పడ్డాక దిగి వచ్చేయడమే అవుతోంది. ఇది పూర్తిగా రాత్రి జంతువైపోయిందా? ఫీడర్ వేరే చోటికి మార్చమంటారా?

జవాబు: ఫీడర్ జోలికి వెళ్లకండి. మార్చాల్సింది మీరు కూర్చునే చోటు. అది పగలు కదలడం మానేయలేదు, పగటిపూట మీ ఫీడర్ దగ్గరికి రావడం మానేసింది. వయసు ముదిరిన బక్ పగలు కూడా లేస్తుంది, ఆకులు కొరుకుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది. కాకపోతే పడక చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగాలోనే. వెలుతురుండగా బయటికొస్తే ప్రమాదమని దానికి నేర్పింది మన రాకపోకలే.

ముందు కెమెరా టైము సరిచూడండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, కెమెరాలో ఆ మార్పు చేయడం చాలామంది మర్చిపోతారు. నవంబర్ మధ్యలో మీ వైపు సూర్యాస్తమయం 5:35 ప్రాంతంలో, అక్కడినుంచి అరగంట వరకే కాల్చడానికి అనుమతి. అంటే 7 గంటలకు ఫీడర్ దగ్గరికొచ్చే బక్, 6కి దారిలో ఎక్కడో దట్టమైన చెట్ల మధ్య నిలబడి, పూర్తిగా చీకటి పడేదాకా ఆగుతోందన్నమాట. అదే రాత్రి 2కి వచ్చేదైతే పడక చాలా దూరంలో ఉందనుకోవచ్చు, బహుశా పక్కవాళ్ల భూమిలో. మీది మొదటి రకం. ఆశ ఉంది.

రాత్రి ఫోటోల్లో అది ఏ వైపు నుంచి ఫ్రేములోకి వస్తోందో చూడండి. ఆ దిక్కులో సీడార్ పొదలో, వాగు ఒడ్డో ఉంటే, ఫీడర్‌కీ ఆ పొదలకీ మధ్య కొమ్ములతో రుద్దిన చెట్లు, గిట్టలతో గీరిన నేల కనిపిస్తాయి. అక్కడ ఒక కెమెరా కట్టండి. ఫోన్‌కి ఫోటోలు పంపే రకమైతే మేలు, కార్డు కోసం మాటిమాటికీ నడిచి వెళ్లి మన వాసన వదిలిరావక్కర్లేదు. వెలుతురున్నప్పటి ఫోటో ఒక్కటి పడినా చాలు, మీ మాటు అక్కడే.

అసలు కిటుకు గాలి. దాని పడక వైపు నుంచి మీ మొహానికి గాలి తగిలే రోజే వెళ్లండి, లేదంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. సాయంత్రం నేల చల్లబడేకొద్దీ గాలి పల్లానికి జారుతుంది, పొద్దున ఎండ తగిలాక పైకి లేస్తుంది. గుట్ట మీద మీరు, కింద వాగులో అది ఉంటే, సాయంత్రం ఇట్టే పసిగట్టేస్తుంది. అలాగే చీకటి పడ్డాక ఫీడర్ చుట్టూ జింకలుండగా దిగి నడవకండి. లీజులో తోటివాళ్లని ట్రక్కు తీసుకుని రమ్మనండి. వాహనానికి బెదిరినా, అక్కడ మనిషి మాటు వేశాడని వాటికి తెలియదు.

మరో సభ్యుడు: అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆడవి ఎదకు వచ్చే రోజుల్లో ఈ లెక్కలన్నీ మారిపోతాయి. హిల్ కంట్రీలో, అంటే మీ లానో ఉన్న గుట్టల ప్రాంతంలో, చాలాచోట్ల అది నవంబర్‌లోనే. ఆ రోజుల్లో పొద్దున 9కే దిగిపోకుండా మధ్యాహ్నం దాకా కూర్చోండి. మగది ఆడదాని వెంటపడి మిట్టమధ్యాహ్నం కూడా బయటికొస్తుంది. చూలు కట్టని ఆడవి మళ్లీ 28 రోజులకు ఎదకొస్తాయి, కాబట్టి డిసెంబర్‌లోనూ ఆశ వదులుకోవద్దు. చలిగాలి దిగిన మొదటి రోజు సెలవు దొరికితే వెళ్లిపోండి. చంద్రుణ్ణి బట్టి జింకలు ఎప్పుడు తిరుగుతాయో చెప్పే పట్టికల కోసం మాత్రం డబ్బు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండి. వాగు వైపు నుంచే వస్తోంది, ఇప్పుడే చూశాను. ఇంకో సందేహం. లీజులో ఒకతను రాత్రుళ్లు అడవి పందుల కోసం లైటు వేసుకుని వెళ్తున్నాడు. ఆ టైములో ఈ బక్ ఎదురైతే?

జవాబు: తుపాకీ ఎత్తకూడదు. టెక్సాస్‌లో పందుల్ని రాత్రి కొట్టొచ్చు, జింకని కొట్టకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే. చట్టం సంగతి అలా ఉంచితే, మసక చీకట్లో గాయపడ్డ జంతువు పొదల్లోకి పోతే వెతికి పట్టడం చాలా కష్టం, అది రాత్రంతా బాధపడుతుంది. ఆ ఒక్క కారణం చాలు. మీ బక్ ఇంత బెదురుగా ఉండటానికి ఆ రాత్రి లైట్లూ కారణమే కావచ్చు. సీజన్ అయ్యేదాకా వాగు వైపు పందుల వేట ఆపమని అతనితో మాట్లాడండి.

మీ ముగ్గురిలో హెచ్-1బీ మీద ఎవరైనా ఉంటే ఇది కూడా చూసుకోండి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా, వలసేతర వీసాదారుల దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. ఫ్రెండ్ తుపాకీ అయినా అంతే. ఇక్కడి లైసెన్స్ గడువు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. అనుమానముంటే సీజన్‌కి ముందే లాయర్ని అడగండి.