నడిచే స్థితిలో ఒక్క ఆల్కో డీజిల్ రైలింజన్ మిగలాలా, వద్దా?

మౌలాలి మోత:
మొన్న ఆదివారం మా అబ్బాయిని తీసుకుని మౌలాలి వైపు వెళ్ళాను. గంటన్నర నిలబడితే ఎనిమిది బళ్ళు పోయాయి. ఎనిమిదింటికీ కరెంటు ఇంజన్లే. వచ్చిందని తెలిసేలోపు వెళ్ళిపోతున్నాయి. వాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. వాణ్ణి అని లాభం లేదు, తలెత్తేంత చప్పుడు ఉంటే కదా.

మా రోజుల్లో ఆల్కో వస్తోందంటే చెవికన్నా ముందు కాళ్ళకింద నేలకి తెలిసేది. తెలియని వాళ్ళ కోసం: ఆల్కో అంటే డబ్ల్యూడీఎం-2 డీజిల్. అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో మొదటివి అక్కణ్ణుంచే దిగుమతి అయ్యాయి, 1964 నుంచి వారణాసిలో మనవాళ్ళే తయారు చేశారు. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. స్టేషన్‌లో ఊరికే నిలబడ్డప్పుడు నిమిషానికి 400 చుట్లు. ఆ నింపాది గుడగుడ విన్నవాడికి జన్మలో మరుపు రాదు.

ఆదివారం వస్తే నేనూ ఇద్దరు స్నేహితులూ ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని సికింద్రాబాద్ ఒకటో నంబర్ చివర కూర్చునేవాళ్ళం. చేతిలో రెండొందల పేజీల లాంగ్‌బుక్. వచ్చిన ప్రతి ఇంజన్ నంబరూ అందులో ఎక్కాల్సిందే. తరవాతిది మౌలాలి షెడ్డుదా, కాజీపేటదా, గుత్తిదా అని పందెం. ఓడినవాడు చాయ్, రెండేసి ఉస్మానియా బిస్కట్లు పెట్టించాలి.

ఆవిరి ఇంజన్లకి మర్యాద దక్కింది. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ని కూడా మళ్ళీ పట్టాలెక్కించారు. ఊటీ, డార్జిలింగ్ సంగతి సరే సరి. డీజిల్‌కేమో పాత ఇనప సామాన్ల కొట్టు! ఒక్క ఆల్కోని ఉంచి, నెలకో ఆదివారం సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ దాకా నడిపితే ఎవరి సొమ్మేం పోయింది?

ఉస్మానియా బిస్కట్:
నా పేరు తలిచారు కాబట్టి నా ఓటు మీకే.

25 కేవీ:
ఎవరి సొమ్మంటే మనందరిదీ. 110 టన్నుల పైచిలుకు ఇంజన్‌ని నెలకోసారి నడపాలంటే మిగతా ఇరవై తొమ్మిది రోజులూ దాన్ని మేపాలి. విడిభాగాలు, మనుషులు, షెడ్డులో చోటు. ఇప్పటి కరెంటు ఇంజన్ డబ్ల్యూఏపీ-7 ఒక్కటే ఆరు వేల హార్స్‌పవర్‌కి పైన లాగుతుంది, పైగా బోగీల ఫ్యాన్లకీ ఏసీలకీ కరెంటు తనే ఇస్తుంది. అంతకుముందు ఆ కరెంటు కోసం రైలు చివర జనరేటర్ బోగీ ఉండేది గుర్తుందా? అదీ డీజిలే. దాని పక్కన నిలబడి చాయ్ తాగినవాళ్ళు ఎవరైనా ఆ మోతని మిస్ అవుతున్నారా?

మౌలాలి మోత:
జనరేటర్ బోగీనీ ఆల్కోనీ ఒక గాటన కట్టారంటే మీకు చెవులున్నాయా అని అనుమానం వస్తోంది భాయ్.

ఆలుగడ్డబావి:
నాకు చెవులున్నాయి. ముక్కూ ఉంది. మెట్టుగూడలో పట్టాల పక్క ఇంట్లో పుట్టి పెరిగాను. పెళ్ళయ్యేదాకా నేను ఆరేసిన తెల్ల చీర తెల్లగా ఇంట్లోకి వచ్చిన రోజులు తక్కువ. నల్లటి చుక్కలు. రుద్దితే పోవు, ఇంకా పాకుతాయి. ఆ ఇంజన్ పోయినందుకు ఏడ్చేవాళ్ళని మొదటిసారి చూస్తున్నా. ఇరవై నాలుగ్గంటలూ నల్ల పొగ అండీ అది.

మౌలాలి మోత:
అక్కా, మీ బాధ కాదనను. కానీ ఒక్క సవరణ. ఇరవై నాలుగ్గంటలూ నల్ల పొగ అనేది తప్పు. డ్రైవర్ నాచ్ (ఇంజన్ శక్తిని మెట్లు మెట్లుగా పెంచే మీట) పెంచగానే ఇంధనం వెంటనే ఎక్కువ పడుతుంది. గాలి తోసే టర్బో మాత్రం తిరగాల్సింది పొగ వేగంతో కాబట్టి, అది అందుకునేసరికి కొన్ని సెకన్లు ఆలస్యం. ఆ కాసేపే సరిగ్గా మండక నల్లగా వస్తుంది. దీన్ని టర్బో ల్యాగ్ అంటారు. వేగం అందుకున్నాక పొగ పలచబడుతుంది.

ఆలుగడ్డబావి:
మా ఇల్లు బళ్ళు వేగం అందుకున్న చోట లేదు. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరే చోట ఉంది.

మౌలాలి మోత:
అందుకే అంటున్నా, మీరు చూసింది బయల్దేరేటప్పటి పొగే. దాన్నిబట్టి ఇరవై నాలుగ్గంటలూ అనకూడదు. పైగా పొగ మసి పొడిగా ఉంటుంది, దులిపితే రాలుతుంది. రుద్దితే పాకే చుక్కలంటే అది పొగ కాకపోవచ్చు. ఆ రోజుల్లో అందరూ బొగ్గుల పొయ్యి మీదే వండేవాళ్ళు కదా.

సీతాఫల్‌మండి:
అన్నా, ఆడవాళ్ళకి బట్టల మరకల గురించి చెప్పే ధైర్యం మీకొక్కరికే ఉంది.

25 కేవీ:
డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2012లోనే మొదటి గ్రూపులో చేర్చింది. చీరల దగ్గరే ఆగిపోయాం మనం.

మౌలాలి మోత:
మరి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందట? రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. మొత్తం బొగ్గే. పొగ పోలేదు సార్, మన దండెం మీంచి వాళ్ళ దండెం మీదికి పోయింది.

25 కేవీ:
ఎత్తయిన గొట్టం, బూడిద పట్టే యంత్రాలు ఉన్న ఒక్క చోటూ, మెట్టుగూడ డాబాలకి సమానంగా ఊదుకుంటూ పోయే ఇంజనూ ఒకటేనా? కొత్త ఇంజన్ బ్రేకు వేసినప్పుడు కరెంటుని తిరిగి తీగల్లోకి పంపుతుంది కూడా. ఆల్కో డైనమిక్ బ్రేకు వేస్తే, అంటే మోటార్లనే జనరేటర్లుగా తిప్పి ఆపితే, ఆ కరెంటంతా ఊరికే వేడిగా పోయేది.

మౌలాలి మోత:
మీకు డైనమిక్ బ్రేకు గురించి తెలుసంటే మీరూ ఒకప్పుడు లాంగ్‌బుక్ పట్టుకున్నవారే. దొరికిపోయారు.

రిటైర్డ్ లోకో:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ముప్పై ఏళ్ళు ఇంజన్ మీద బతికినవాణ్ణి, రెండు ముక్కలు.

చుక్కల సంగతి. అమ్మాయి చెప్పింది నిజం, అబ్బాయి చెప్పిందాంట్లోనూ కొంత ఉంది. సిగ్నల్ దగ్గర అరగంట, ముప్పావుగంట ఆగితే ఇంజన్ ఆపేవాళ్ళం కాదు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో, బ్యాటరీ సంగతి దేవుడికెరుక. అలా ఊరికే తిరుగుతూ ఉంటే లోపల చల్లబడి, మండని డీజిలూ లూబ్ ఆయిలూ పొగగొట్టం దారిలో పేరుకుంటాయి. బయల్దేరడానికి నాచ్ పెంచగానే అదంతా తుంపరగా పైకి ఎగజిమ్ముతుంది. మేం ఆయిల్ త్రో అనేవాళ్ళం. మా చొక్కాలకీ అవే చుక్కలు. మా ఆవిడ కిరసనాయిల్లో ముంచి ఉతికేది.

ఇక మోత గురించి. బాబూ, మీరు ప్లాట్‌ఫారం చివర కూర్చుని విన్నారు. మేం దానికి ఒక తలుపు ఇవతల కూర్చున్నాం. నా ఎడమ చెవి ఇప్పుడు ఫోన్‌కి పనికిరాదు. లాంగ్ హుడ్, అంటే యంత్రం ఉండే పొడుగు వైపు, ముందుకు పెట్టి నడపాల్సి వస్తే ఎదురుగా గదంత పొడుగు ఇనప పెట్టె, అవతలి వైపు సిగ్నల్ అసిస్టెంట్ అరిచి చెప్పాలి, నేను తిరిగి అరవాలి. కేబిన్‌లో బాత్రూం లేదు. మే నెలలో ఆ రేకు మీద చెయ్యి పెడితే అప్పడం కాలినట్టు కాలేది.

అయినా చివరి డ్యూటీ రోజు ఇంజన్‌కి దండం పెట్టి దిగాను. అదెందుకో నన్నడక్కండి.

మౌలాలి మోత:
సార్, పాదాభివందనం. చూశారా అక్కా, నేను చెప్పిందే నిజమైంది. అది పొగ కాదు, ఆయిల్.

ఆలుగడ్డబావి:
అబ్బ! పొగ కాదు, ఆయిల్! పతకం తెచ్చి మెడలో వేయమంటారా? పెద్దాయన చెవి పోయిందని రాస్తే మీకు అందులో కనపడింది ఇదొక్కటేనా?

మీకు ఒక ముచ్చట చెప్తా. మా అన్నయ్యకీ మీలాగే లాంగ్‌బుక్ ఉండేది. వాడు గేటు దగ్గర నిలబడి నంబర్లు రాసుకునేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకి అమ్మ ఆ పుస్తకం తీసి చూపించేది, మావాడికి ఎంత శ్రద్ధో అని. నాకు అప్పజెప్పింది దండెం. ఇంజన్ సిగ్నల్ దగ్గర ఆగిన చప్పుడు వినపడితే ఎక్కడున్నా పరిగెత్తి బట్టలు తీసెయ్యాలి. కూత వేసి బయల్దేరేలోపు పన్నెండు బట్టలు, రెండు దుప్పట్లు. లెక్క పెట్టుకునేదాన్ని. గుడగుడలో తేడా రాగానే, అంటే డ్రైవర్ ఇంకాసేపట్లో కదిలిస్తాడనగా, నాకు తెలిసేది. మా అన్నయ్యకి తెలిసేది కాదు. వాడికి కళ్ళకి కనపడితేనే తెలిసేది.

మీ పందేలూ బిస్కట్లూ నాకు కొత్త కాదు. ఆ కూర్చునే తీరిక ఎవరి చేతులమీద వచ్చిందని ఒక్కరూ అడగలేదు, అంతే.

ఉస్మానియా బిస్కట్:
నా ఓటు వెనక్కి తీసుకోవచ్చా?

25 కేవీ:
అక్క చెప్పాక ఇంకేం మిగిలింది. చర్చ ముగించొచ్చు.

మౌలాలి మోత:
ముగించడానికి మీరెవరు?

సరే, అక్కా. సవరణ గురించి పట్టుబట్టడం నా తప్పే. కానీ మీరు నన్ను మీ అన్నయ్యని చేసి కొడుతున్నారు. నేనేమీ తీరికలో పుట్టలేదు. వారమంతా మామయ్య కిరాణా కొట్టులో పొట్లాలు కట్టేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే నాది. దానికి పైసా ఖర్చు లేదు, ప్లాట్‌ఫారం టికెట్ తప్ప. ఎవరూ ఏం చేస్తున్నావురా అని అడిగేవాళ్ళు కాదు.

ఇప్పుడు? పోయినేడాది ఒక స్టేషన్‌లో ఇలాగే చివర నిలబడి ఫోటో తీస్తే గంటసేపు కూర్చోబెట్టారు. యాభై రెండేళ్ళవాణ్ణి, మా అబ్బాయి ఎదురుగా, ఫోటోలన్నీ ఒక్కొక్కటీ తుడిపించారు. ఎందుకు తీశావంటే నచ్చి తీశానన్నాను. ఆ జవాబు వాళ్ళకి అర్థం కాలేదు. నెలకో ఆదివారం ఆల్కో నడిపితే ఆ ఒక్క రోజైనా పట్టాల పక్కన ఊరికే నిలబడటానికి ఒక సాకు ఉంటుందని. నా గొడవ అది. ముందే రాయాల్సింది. రాయడానికి సిగ్గేసింది.

సీతాఫల్‌మండి:
పిల్లాడి ముందా? దారుణం అన్నా.

25 కేవీ:
నాకూ ఒకసారి జరిగింది. (అవును, లాంగ్‌బుక్ ఉండేది. మూడు ఉండేవి.)

ఆలుగడ్డబావి:
ఊరికే నిలబడనివ్వట్లేదని మీరు బాధపడుతున్నారు. ఆ రోజుల్లో పట్టాల పక్కన ఊరికే నిలబడ్డ ఆడపిల్లని మీ లాంగ్‌బుక్ తిరిగినన్నాళ్ళలో ఒక్కర్ని చూశారా? చేతిలో బకెట్టో, క్యారేజీయో లేకుండా?

మౌలాలి మోత:
ఆలోచిస్తున్నాను. లేదు.

రిటైర్డ్ లోకో:
నేనూ చూసిన గుర్తు లేదమ్మా. డాబాల మీద బట్టలు తీసేవాళ్ళు మాత్రం కనపడేవాళ్ళు. తెలిసుంటే ఇంకో రెండు నిమిషాలు ఆగి నాచ్ వేసేవాణ్ణి. బళ్ళ రాకపోకలు చూసే సెక్షన్ కంట్రోలర్ ఊరుకునేవాడు కాదనుకోండి.

ఆలుగడ్డబావి:
మీరు కూత రెండుసార్లు వేసేవారేమో, తెలీదు. ఒకాయన వేసేవాడు. అప్పుడు మాత్రం అన్నీ అందేవి.

మీ నెలకో ఆదివారం వస్తే నేనూ వస్తాను. బకెట్ లేకుండా. మెట్టుగూడ మీంచి వద్దు, వికారాబాద్ వైపే పోనివ్వండి, అక్కడ ఎవరి దండెం ఉందో ముందు కనుక్కుని. నంబర్లు నాకు రావు. ఒక్కటే గుర్తుంది. గంటకి పైగా ఆగిపోయిన ఇంజన్, బట్టలన్నీ తీసేసి ఇక పనేమీ లేక దాన్ని చూస్తూ కూర్చున్నా. చివర 47. ముందు అంకెలకి చింతచెట్టు కొమ్మ అడ్డం.

మౌలాలి మోత:
47!! అక్కా, ఒక్క నిమిషం. మొత్తం ఐదు అంకెలు ఉంటాయి. మొదటిది 1, అది ఖాయం. రెండోది 6, 7, 8లో ఏదో ఒకటి. చింతకొమ్మ ఎంతవరకు అడ్డం? షెడ్డు పేరు కనపడిందా? కేబిన్ మీ ఇంటి వైపు ఉందా, లాంగ్ హుడ్ ఉందా?