స్టీల్ (steal), రాబ్ (rob), బర్గ్లరీ (burglary): ఎక్కడ ఏది వాడాలి?

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కాస్త చెప్పండి. నిన్న నేను 'మై బ్యాగ్ వాజ్ రాబ్డ్' అని రాస్తే తప్పని కొట్టేశారు. స్టీల్ పక్కన పోయిన వస్తువు, రాబ్ పక్కన పోగొట్టుకున్న మనిషి రావాలట: 'దే స్టోల్ మై బ్యాగ్', 'దే రాబ్డ్ మీ'. తెలుగులో 'నన్ను దోచుకున్నారు', 'నా డబ్బు దోచుకున్నారు' రెండూ చెల్లుతాయి కదా, నా తికమకంతా అక్కడే.

కొట్టో, బెదిరించో లాక్కుంటే రాబరీ. దొంగతనానికని ఇంట్లో చొరబడితే బర్గ్లరీ. ఇంతవరకు సరే. మరి రాత్రిపూట ఎవరూ లేని బ్యాంకుకు కన్నం వేస్తే దాన్నేమనాలి? మామూలు మాటల్లో 'అవర్ హౌస్ వాజ్ రాబ్డ్' అంటే తప్పుపడతారా? థెఫ్ట్‌కు (theft, దొంగతనం) క్రియగా స్టీల్‌నే వాడాలా? ఒకట్రెండు వాక్యాలు రాసి చూపిస్తే నాకు బాగా అర్థమవుతుంది.