రోడ్డు వెడల్పు నోటీసు: అద్దె షాపు వాళ్లు అభ్యంతరం పెట్టొచ్చా?

సూదీదారం:
మెయిన్ రోడ్డు మీద నాది టైలరింగ్ షాపు, ఏడెనిమిదేళ్లుగా అద్దెకే. పక్క ఇస్త్రీ ఆయన బట్టలు చుట్టిచ్చిన పేపర్లో భూసేకరణ నోటీసు కనిపించింది. చీమల్లాంటి అక్షరాలు. 'చట్టం 2013, సెక్షన్ 11(1)' అని, కింద పట్టికలో మా షాపు ఇంటి నంబరు, ఎదురుగా ఓనరు పేరు. అంచు చిరిగిపోయి తేదీ లేదు. ఓనరు "పరిహారం వస్తుందిలేమ్మా" అంటున్నారు. ఆయనకొస్తుంది, మరి నాకు? మాకెవరూ చెప్పను కూడా చెప్పలేదు.

గల్లీ కుర్రాడు:
అక్కా, సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చెయ్.

పాత గుమాస్తా:
ప్రజావాణికి వెళ్తే వెళ్లండి గానీ, దాన్నే నమ్ముకుంటే గడువు దాటిపోతుందమ్మా. భూసేకరణ విభాగంలోనే రిటైరయ్యాను, అందుకే చెప్తున్నా. నోటీసు ప్రచురించిన నాటి నుంచి 60 రోజుల్లోపు సెక్షన్ 15 కింద కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ముందు తేదీ పట్టుకోండి. అదే నోటీసును మున్సిపాలిటీలోనూ తహసీల్దారు ఆఫీసులోనూ తెలుగులో పెట్టాలి. బోర్డు మీద దాని మీద ఇంకోటి అంటించి ఉంటారు, ఎత్తి చూడండి.

అద్దెదారువని వెనక్కి తగ్గొద్దు. జీవనాధారం దెబ్బతినే వాళ్లనూ ఈ చట్టం 'ఆసక్తి గల వ్యక్తి' అనే అంటుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ బతుకుతున్నట్టు చూపిస్తే, స్థలం లేకపోయినా పునరావాసం అడగొచ్చు.

"మా పొట్ట కొట్టొద్దు" అని మాత్రమే రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. అంత స్థలం ఎందుకు, ఇటే ఎందుకు అని అడగండి. ఎదురు వైపు ప్రభుత్వ స్థలం ఖాళీగా ఉంటే సర్వే నంబరుతో సహా రాయండి. విచారణకు పిలవమని కూడా అందులోనే రాయండి. పిలిచి వినాల్సిందే, కావాలంటే లాయరునూ తీసుకెళ్లొచ్చు. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు, నంబరు వేయించుకున్నాకే బయటికి రండి.

సూదీదారం:
చాలా థాంక్స్ బాబాయ్ గారూ. కరెంటు మీటరు ఓనరు పేరు మీదుంది. ట్రేడ్ లైసెన్సు మాత్రం నాదే, ఏటా కట్టిన రసీదులున్నాయి. సరిపోతాయా?

పాత గుమాస్తా:
బంగారంలాంటి రసీదులు. అద్దె అగ్రిమెంటు ఉంటే అదీ జత చేయండి. అన్నీ జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోండి.