‘పీపుల్స్’ చివర ఉన్న ఆ ‘స్’

అనువాదిని: రెండు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ ‘వీ ద పీపుల్స్’ అని మొదలవుతుంది. మన రాజ్యాంగ పీఠికలో ‘వీ ద పీపుల్’ అనే ఉంది. దానికి ‘భారత ప్రజలమగు మేము’ ఉండనే ఉంది. చార్టర్‌లో ఆ ‘స్’ను తెలుగులో ఎక్కడ పెట్టాలి? ‘ప్రజలు’ అనగానే బహువచనం అయిపోయింది. ‘ప్రజానీకములమగు’ అని ఎక్కడో చదివినట్టు చెవిలో మోగుతోంది.

పాతనిఘంటువు: ‘ప్రజానీకములు’ వద్దు. అనీకం అంటే సేన కూడా. లాటిన్ ‘పాపులస్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ‘ఎ పీపుల్’ అంటే ఒక జాతి. ‘స్’ చేరితే జాతులు. ‘వివిధ జాతుల ప్రజలమగు మేము’ అనండి.

అనువాదిని: ఆ వెంటనే ‘యునైటెడ్ నేషన్స్’ వస్తుంది కదండీ! ఒకే వాక్యంలో జాతులు రెండుసార్లు.

ముత్యాలసరం: అసలు ‘ప్రజలు’ అన్న మాటే పేలవం. గురజాడ ‘దేశమంటే మనుషులోయ్’ అన్నాడు. ‘ప్రజలోయ్’ అని పెట్టి పాడి చూడండి. పలికే కాలాన్ని కొలిచే మాత్రల లెక్కలో ‘మనుషులోయ్’ అయిదు మాత్రలు, ‘ప్రజలోయ్’ నాలుగే. పాదం కుంటుతుంది.

పాతనిఘంటువు: ‘మనుజులోయ్’ అని పాడేవాళ్లనూ విన్నాను. అదీ అయిదే.

ముత్యాలసరం: మాత్రలు సరిపోతే చాలా? ‘మనుజుడు’ అంటే మనువుకు పుట్టినవాడు, పుస్తకాల్లో ఉండే మాట. మనిషి మన పక్కన కూర్చునేవాడు. వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ ‘జు’ రాస్తాడా? ఆ ఒక్క ‘షు’లోనే ఆయన ఉన్నాడు.

వేరుమూలం: ఆ పాదం ముందు ‘మట్టికాదోయ్’ ఉంది చూడండి. ఇంగ్లీషు ‘హ్యూమన్’కు మూలమైన లాటిన్ మాటకూ, మట్టి అనే అర్థమున్న ‘హ్యూమస్’కూ చుట్టరికం చెబుతారు. లాటిన్‌లో మట్టీ మనిషీ చుట్టాలు, గురజాడ దగ్గర ఎదురుబొదురు. నాకు ఒళ్లు జలదరించింది. ఇంకోటి, పాత ఇంగ్లీషులో ‘మాన్’ అంటే ఆడైనా మగైనా మనిషే. ‘వీఫ్‌మాన్’ నుంచే ‘వుమన్’ వచ్చింది.

పాతనిఘంటువు: మన ‘మనిషి’ మాత్రం ఇప్పటికీ ఇద్దరికీ చెల్లుతుంది. ‘ఆవిడ మంచి మనిషి’ అంటాం కదా.

పలుకుబడి: అందరూ ‘మంది’ని మర్చిపోయారు! పదిమంది, ఎంతమంది అని లెక్కకీ అదే, ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలచన’లో గుంపుకీ అదే. ‘మంది సొమ్ము’ అన్నామంటే పరాయివాళ్లది. ‘వాట్ విల్ పీపుల్ థింక్’ని అందరూ ‘ప్రజలు ఏమనుకుంటారు’ అని రాస్తున్నారు. ఎన్నికల సభలో మాట్లాడినట్టుంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అంటే సరిపోతుంది. ఆ నలుగురిని వేళ్ల మీద లెక్కపెట్టలేం, అదే ఆ మాటలోని బలం.

అనువాదిని: నలుగురూ నచ్చారు, కానీ చార్టర్‌లో పెట్టలేను. ‘ప్రజాసముదాయాలమైన మేము’ అని రాసుకున్నాను.

ముత్యాలసరం: ‘సముదాయాలమైన’ దగ్గర నోరు తిరగడం లేదు. ‘అగు’ ఉంచండి.

వేరుమూలం: అది సరే, ‘మేము’ ఎందుకు? ‘మనము’ కదా కావాలి! ‘మేము’ అంటే వినేవాడు బయట ఉండిపోతాడు. లోకంలోని మనుషులందరి తరఫున మాట్లాడుతున్నప్పుడు బయట ఎవరున్నారు?

పాతనిఘంటువు: ప్రతిజ్ఞ చేసేవాడు ‘మేము’ అనే అంటాడు. దీని మీద రాత్రికి వివరంగా రాస్తాను.