డమాస్కస్ కత్తుల ఉక్కు మన కోనసముద్రానిదేనా?

ప్రశ్న (ధర్మాబాద్ నుంచి): మా బాబు సైన్స్ ఎగ్జిబిషన్‌కి డమాస్కస్ కత్తి (సిరియాలోని ఆ నగరం పేరుతో పిలిచే, మీద అలల్లాంటి గీతలుండే పాతకాలపు ఉక్కు కత్తి) మీద చార్ట్ చేస్తున్నాడు. మా మామయ్యేమో "ఆ ఉక్కు పక్కనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైంది, పేరు మాత్రం డమాస్కస్ వాళ్లు కొట్టేశారు" అంటున్నారు. అలా రాయొచ్చా? టీచర్ నిలదీస్తే ఏం చెప్పాలో టెన్షన్.

దెగ్లూర్ కొలిమి: ఊరి పేరు ధైర్యంగా రాయించండి సార్, "కొట్టేశారు" మాత్రం వద్దు. మాది కమ్మరి ఇల్లు. వెల్డింగ్ షాపు పెట్టినా కొడవళ్లు ఇప్పటికీ లారీ కమాన్ పట్టీ కోసి కొలిమిలోనే చేస్తా.

ఇంగ్లీషు వాళ్ల భూమి కొలతల సర్వేతో తిరిగిన డాక్టర్ వాయిసీ కోనసముద్రం కొలుములు చూసి రాసింది 1832లో అచ్చయింది. ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లట. మట్టి మూసలో, అంటే లోహం కరిగించే చిన్న పాత్రలో, ఇనుము పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి తిత్తులు ఊదాలి. మైసూరు వైపైతే మూసలో తంగేడు పుల్లలు, పచ్చి ఆకులు కూడా వేసేవాళ్లు. పుల్ల బొగ్గై, ఆ కార్బన్ ఇనుములోకి దిగుతుంది. కరిగాక నిదానంగా చల్లారనివ్వాలి.

అయితే కత్తి మీద అలల్లాంటి గీతలు తేలాలంటే ఆ ముద్దను ఎర్రటి సెగలోనే సాగగొట్టాలి. తెల్లగా కాగిందా, సుత్తె దెబ్బకి పొడిపొడి! యూరప్ కమ్మర్లు అలవాటు కొద్దీ అలా కాచే చెడగొట్టుకున్నారు. ఇరాన్ పనివాళ్లకి ఆ చెయ్యి తిరిగింది. వాళ్ల వాటా వాళ్లకివ్వాలి కదా.

బిలోలి టీచర్: మధ్య ఆసియాలో మెర్వ్‌లోనూ మూస ఉక్కు తీశారు. అందుకని ప్రతి కత్తీ మనదే అనకండి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫారడే కూడా 1819 ప్రాంతంలో మన ఉక్కును పరీక్షించాడు. ఆయన తండ్రీ కమ్మరే. గుణమంతా అల్యూమినా, సిలికాలదే (మట్టిలో, ఇసుకలో ఉండే పదార్థాలు) అనుకుని పొరబడ్డాడు.

ప్రశ్న అడిగినవారు: మరి అంత గొప్ప ఉక్కు ఎందుకు ఆగిపోయింది?

దెగ్లూర్ కొలిమి: 1856లో బెస్సిమర్ పద్ధతి (కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేయడం) వచ్చాక చవక ఉక్కు టన్నుల్లో దిగింది. మూసకి ఒక్క ముద్ద తీసేవాడు ఎక్కడ తట్టుకుంటాడు? గీతల సంగతి వేరే. 1998లో అమెరికాలో వర్హోవెన్ అనే ప్రొఫెసర్, పెండ్రే అనే కమ్మరి కలిసి తేల్చిందేంటంటే, ఇనుప రాయిలో పిసరంత వెనేడియం లాంటి లోహం ఉండాలి. అలాంటి రాయి దొరకడం ఆగితే ఎంత పనిమంతుడికైనా గీత పడదని వాళ్ల వాదన. నాకదే సబబనిపిస్తుంది.

చార్ట్‌లో కత్తి బొమ్మ అందరూ వేస్తారు. మీవాడితో మూసని నిలువుగా కోస్తే లోపల ఏముంటుందో గీయించండి.