అరబీ మాట ‘యద్’ను ‘చేయి’ అనాలా, ‘శక్తి’ అనాలా?

ప్రశ్న: ఖురాన్ 48:10లో ‘యదుల్లాహి ఫౌఖ ఐదీహిమ్’ అని ఉంది. తెలుగులో ‘అల్లాహ్ చేయి వారి చేతులపై ఉంది’ అని చదివాను. దేవుడికి చేయేమిటని మా అబ్బాయి అడిగాడు. ‘శక్తి’ అని రాస్తే గొడవే ఉండదు కదండీ?

జవాబు: ‘చేయి’ అనే ఉంచాలంటాను. 628లో మక్కా సమీపంలోని హుదైబియా దగ్గర, చెట్టు కింద, ప్రవక్త చేతిలో చేయి వేసి అనుచరులు మాట ఇచ్చిన సందర్భం అది. ఆ చేతుల మీద మరో చేయి. ‘శక్తి’ అన్నామా, ఆ దృశ్యం చెరిగిపోతుంది. 5:64లో ‘ఆయన రెండు చేతులూ చాచి ఉన్నాయి’ అన్న మాటను 17:29తో కలిపి చదవండి. అక్కడ మనిషికి చెప్పింది: చేతిని మెడకు కట్టేసుకోకు, పూర్తిగా చాచెయ్యకు. ఒకటి పిసినారితనం, రెండోది దుబారా. ‘ఆయన చేతికి ఎముక లేదు’ అంటే మనకు తట్టేది దానగుణమే కదా. చేయి అన్న మాట తెలుగులోనూ అంత బరువు మోయగలదు.

ఇంకొకరు: మరి 38:75? ఆదమ్‌ను ‘బియదయ్య’, నా రెండు చేతులతో సృష్టించానని ఉంది. చేయంటే శక్తే అయితే రెండు శక్తులనాలా?

జవాబు: పాత పండితులు విడిపోయింది సరిగ్గా ఇక్కడేనండీ. తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలీ పండితులు శక్తి, అనుగ్రహం అంటూ తావీల్ చేశారు, అంటే పైకి కనిపించే అర్థం వదిలి వేరే అర్థం చెప్పారు. అబుల్ హసన్ అష్అరీ అనే మతపండితుడు ‘రెండు చేతులు’ అన్న ఆ ద్వివచనాన్నే చూపించి కాదన్నారు. చేయి ఉందని నమ్ముతాం, ‘ఎలా’ అని అడగం అన్నది ఆయన మాట. దీన్నే బిలా కైఫ్ అంటారు. ఆయన బాటలో వచ్చినవాళ్లలోనే చాలామంది తర్వాత మళ్లీ తావీల్ వైపు మొగ్గారు. ‘ఆయనను పోలినది ఏదీ లేదు’ అనే 42:11ను మాత్రం ఎవరూ దాటలేదు. తెలుగులో ద్వివచనం లేదు కాబట్టి, అనువాదంలో ‘రెండు’ అని రాయకపోతే ఈ వాదం ఎక్కడ పుట్టిందో మన పాఠకుడికి తెలియనే తెలియదు.

51:47 దగ్గర మాత్రం జాగ్రత్త. ఆకాశాన్ని ‘బిఐదిన్’ నిర్మించామని ఉంది. చూడ్డానికి ‘చేతులతో’ అన్నట్టే ఉంటుంది, కానీ వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది చెప్పిన అర్థం ‘బలంతో’. ధాతువే వేరు. 38:17లో దావూద్ ప్రవక్తను ‘జల్ ఐద్’, బలవంతుడు, అన్నది ఈ మాటతోనే.

ప్రశ్న: అయితే 48:10కి ‘అల్లాహ్‌దే పైచేయి’ అంటే?

జవాబు: వద్దండీ. పైచేయంటే ఎదుటివాడి మీద గెలుపు. మాట ఇస్తున్న ఆ మనుషులు అక్కడ ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. ‘వారి చేతుల మీద అల్లాహ్ చేయి ఉంది’ అనే రాయండి.